నన్ను లోపలికి రానివ్వకండి

మా ముదీర్ ఖర్జూరాల డబ్బా పట్టుకుని సైట్ ఆఫీసు కంటైనర్‌లోకి వచ్చి "సల్జ్! సల్జ్!" అని అరిచిన రోజు ఎవరికీ పని సాగలేదు. ముదీర్ అంటే మేనేజరు. మా ముదీర్ సౌదీ మనిషి, నవ్వితే పక్క కంటైనర్‌లో వాళ్ళు కూడా తలెత్తి చూసేవాళ్ళు. సల్జ్ అంటే మంచు. సౌదీలో ఖమీస్ ముషైత్ వైపు కొండల్లో కిందికి దిగే ఘాట్ రోడ్డు మీద చరియలు విరిగిపడకుండా మేం కడుతున్న గోడ గడువుకు ముందే పూర్తయింది. అందుకని కంపెనీ మా ఆఫీసు బృందాన్ని కాకసస్ కొండల్లో ఒక స్కీయింగ్ ఊరికి పంపిస్తోందట. విమానం, హోటల్, మంచు మీద జారే చెక్కలు, బూట్లు, అన్నీ కంపెనీ ఖర్చే.

ఖమీస్‌లో చలి మాకు కొత్త కాదు. వడగళ్ళు పడి రోడ్డు తెల్లబడితే జనం కార్లు ఆపి పిల్లల చేతుల్లో గుప్పెళ్ళు పోసి ఫోటోలు తీసుకుంటారు. నిజమైన మంచును మాత్రం మాలో స్వాత్ లోయ నుంచి వచ్చిన పాకిస్తానీ ఫోర్‌మన్ ఒక్కడే చూశాడు. "మా ఊళ్ళో దాన్ని పారతో ఎత్తి అవతల పోస్తాం. మీరు దానికోసం విమానం ఎక్కుతారా?" అని ఉర్దూలో ఎగతాళి చేశాడు. అందరూ నవ్వారు. మా ఇంజనీరు గారు నవ్వలేదు.

ఆయనది విజయవాడ. గోడకు సంబంధించిన లెక్కలన్నీ ఆయనవే. నేను కడప జిల్లావాణ్ని, అదే ఆఫీసులో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. డ్రాయింగులు ఎవరికి పోయినాయి, ఎప్పుడు వచ్చినాయి చూసుకోవడం నా పని. నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా ప్రొద్దుటూరు శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడ విజ్ఞాన సర్వస్వం సంపుటాలు వరసగా చదివాను, అర్థం కానివి రెండోసారి చదివాను. ఇక్కడికి వచ్చాక కూడా ఊళ్ళోని పబ్లిక్ లైబ్రరీలో ఇంగ్లీషు అల్మరా ఎక్కడుందో ముందు కనుక్కుని, ఆ తర్వాతే మంచి అన్నం దొరికే హోటల్ కనుక్కున్నాను. అందుకే ఆఫీసులో నన్ను "లైబ్రరీ" అని పిలిచేవాళ్ళు. ఆ పేరు నాకు ఇష్టం.

ఇంజనీరు గారు నన్ను బయటికి పిలిచారు. గాలికి కంటైనర్ తలుపు కొట్టుకుంటోంది.

"మీరు లైబ్రరీ మనిషి కదండీ. ఒక విషయం చూసి చెప్పాలి. ఆ హోటల్లో క్యాసినో ఏమైనా ఉందా?"

"యాడో ఒక చోట ఉంటుందేమో సార్. అయినా మనకెందుకు?"

"మనకి కాదు, నాకు."

ఆ రోజు ఆయన చెప్పింది విన్నాక ఆయన మీద నాకున్న అభిప్రాయమే మారిపోయింది. ఆయన ఊళ్ళో ఉన్నప్పుడు క్లబ్బులో పేకాటతో మొదలుపెట్టి, స్నేహితులతో గోవా వెళ్ళి పడవ మీద క్యాసినో చూసి, చివరికి ఫోన్లో రమ్మీ దగ్గర చిక్కుకున్నారట. ఎంత పోయిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మానేస్తానని ఒట్టు పెట్టుకోవడం, మళ్ళీ ఆడటం. ఒకరోజు కూర్చుని ప్రపంచ పటం ముందేసుకున్నారట. దుబాయ్‌లో ఇంతకంటే పెద్ద ఉద్యోగం వచ్చింది, వద్దన్నారు. సౌదీలో అయితే క్లబ్బు లేదు, లాటరీ దుకాణం లేదు, ఆ యాప్‌లు తెరుచుకోవు, పట్టుబడితే ఇఖామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, పోతుంది. "అందరూ జీతం చూసుకుని దేశం ఎంచుకుంటారండీ. నేను నిషేధం చూసుకుని ఎంచుకున్నాను" అన్నారు. నాకు నవ్వు రాలేదు. అంతకాలంగా ఆయన్ను లెక్కల మనిషిగానే చూశాను. తన రోగం పేరు తనే చెప్పి, దానికి మందు దొరికే ఊరు వెతుక్కుని వచ్చిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు.

ఆయన అడిగిన పని నేను శ్రద్ధగా చేశాను. క్యాసినో ఉంది. హోటల్ కింది అంతస్తులోనే ఉంది. గదుల నుంచి దిగే లిఫ్టు తలుపు తెరుచుకునేది దాని పక్కనే. ఇక చదవడం మొదలుపెట్టాక నాకు ఆగదు. మంచు కొండల ఊళ్ళకూ జూదానికీ ఉన్న చుట్టరికం గురించి దొరికినదంతా చదివాను. పగలు చెక్కల మీద జారి అలిసిన మనిషికి సాయంత్రం వేరే పని ఉండదు. ఆ సాయంత్రం మీదే ఆ వ్యాపారమంతా. అమెరికాలో కొలరాడో కొండల్లో పాత బంగారు గనుల ఊళ్ళు కొన్ని ఉన్నాయి, స్కీయింగ్‌కు వెళ్ళేవాళ్ళు ఆ దారినే పోతారు. అక్కడ మొదట జూదాన్ని అనుమతించినప్పుడు ఒక్కో పందెం ఐదు డాలర్లు దాటకూడదని చట్టం పెట్టారు. తర్వాత వంద చేశారు. ఆ తర్వాత ఊరివాళ్ళే ఓట్లేసి లిమిట్ ఎత్తేసుకున్నారు.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. టేబుల్ మీద ఇంతకు మించి పందెం కాయకూడదని రాసి ఉండేది ఆడేవాడిని కాపాడటానికి అనుకున్నాను. కాదు, అది క్యాసినోను కాపాడటానికి. ఓడినప్పుడల్లా పందెం రెట్టింపు చేస్తూ పోతే ఎప్పుడో ఒకసారి గెలిచి పోయిందంతా రాబట్టుకోవచ్చని పాతకాలం నుంచీ ఒక ఆశ ఉంది. పైన లిమిట్ పెడితే ఆ రెట్టింపు మధ్యలోనే తెగిపోతుంది.

ఇదంతా ఆయనకు ఉత్సాహంగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"యాప్‌లో కూడా లిమిట్ ఉంటుందండీ. రోజుకింత అని నేనే పెట్టుకునేవాణ్ని. సాయంత్రానికి నేనే పెంచుకునేవాణ్ని. మీ కొలరాడో వాళ్ళు చేసిందే నేనూ చేశాను. కాకపోతే వాళ్ళు ఓట్లేసుకుని చేశారు, నేనొక్కణ్నే తీర్మానం చేసి నేనొక్కణ్నే చెయ్యెత్తాను."

ఈసారి ఇద్దరం నవ్వాం.

ప్రయాణం మానుకుంటానని ఆయన అన్నారు. నాకూ అదే మంచిదనిపించింది. ఆ శుక్రవారం వాళ్ళింట్లో భోజనానికి పిలిస్తే వెళ్ళాను. ఆయన భార్య అక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. చారు వడ్డిస్తూనే తీర్పు చెప్పింది.

"వెళ్ళమనండి అన్నయ్య గారూ."

"అదేందమ్మా, హోటల్ కిందనే ఉంది."

"ఉండనీండి. ఎండలు ముదిరేలోపు మాకు ఫైనల్ ఎగ్జిట్. ప్రాజెక్టు అయిపోయింది, వీసా అయిపోతుంది. విజయవాడలో దిగాక ఈయనకి కాపలా ఎవరు? సౌదీ పోలీసు మా వీధి చివర కూర్చుంటాడా?"

"ఆ యాప్‌లు అక్కడా ఆపేశారంట కదమ్మా."

"ఒక పేరుతో ఆపితే ఇంకో పేరుతో వస్తాయి. ఈయన్నడగండి, పేర్లన్నీ చెప్తాడు."

ఇంజనీరు గారు అన్నం కలుపుతూ, "అందుకేనే భయం" అన్నారు.

"నాకు మాత్రం లేదా? భయం ఉంటే ఇక్కడే తేలిపోవాలి. అక్కడ ఆడకుండా వస్తే ఊరికి పోదాం, ధైర్యంగా పోదాం. ఆడితే మాత్రం నేను అరవను, ఏడవను. పాపను తీసుకుని మా అన్నయ్య ఇంటికి కూడా పోను. మీ సూట్‌కేసే సర్ది బయట పెడతాను."

"దానికి చక్రం ఊడిపోయింది."

"అయితే మోసుకెళ్తారు."

ఆవిడ చారు గిన్నె మామూలుగా నా వైపు జరిపింది. కానీ ఆ తర్వాత వంటగదిలో చాలాసేపు గిన్నెల చప్పుడు వినపడింది, కడగడానికి అన్ని గిన్నెలు లేవు.

అలా వెళ్ళాం. ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొండలన్నీ సున్నం కొట్టినట్టున్నాయి. ముదీర్ బస్సు దిగగానే చిన్నపిల్లాడిలా మంచు నోట్లో వేసుకున్నాడు. సామాను గదుల్లో పెట్టాక ఇంజనీరు గారు నా దగ్గరికి వచ్చారు. కోటు విప్పలేదు, చేతిలో పాస్‌పోర్టు ఉంది.

"పదండి, ఆ గుమ్మం దగ్గరికి."

"సార్!" అని అడ్డం నిలబడ్డాను.

"ఆడటానికి కాదండీ. నన్ను రానివ్వొద్దని చెప్పి వద్దాం. రేపో ఎల్లుండో చెప్పేంత ధైర్యం ఉంటుందో ఉండదో. ఇవాళ ఉంది."

లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఆ చప్పుడు వినపడింది, మిషన్ల గలగల. ఆయన మొహం ఒక్క క్షణం మారడం చూశాను. పండగ వంట వాసన తగిలిన మనిషి మొహం అది. అయినా నడిచారు.

గుమ్మం దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు, బల్ల వెనక ఒక అమ్మాయి. ఇంజనీరు గారు చక్కటి ఇంగ్లీషులో "దయచేసి నన్ను లోపలికి అనుమతించకండి" అన్నారు. ఆ అమ్మాయికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అందులో "అనుమతి" ఒక్కటే ఆమె చెవిన పడినట్టుంది. నవ్వుతూ పాస్‌పోర్టు అందుకుంది, ఫోటో తీసింది, మెరిసే కార్డు ఒకటి చేతిలో పెట్టింది, దానితోపాటు మొదటి పానీయం ఉచితమని ఒక చీటీ. నన్ను రానివ్వకండి అని చెప్పడానికి వెళ్ళిన మనిషిని నిమిషంలో సభ్యుడిగా చేర్చేసుకున్నారు.

"ఇదేందమ్మా!" అని నేను ముందుకెళ్ళాను. లోపలి నుంచి నల్ల సూటు వేసుకున్న మేనేజరు వచ్చాడు. అతను టర్కీ మనిషి అని కోటు మీది చిన్న జెండా చూసి గుర్తుపట్టాను. టర్కీ భాషలో అరబీ మాటలు బోలెడన్ని ఉన్నాయని చదివి ఉన్నాను, ఇంకేం, నా చదువు పనికొచ్చే సమయం ఇదే అనుకున్నాను. మా సైట్లో ప్రతి బోర్డు మీదా ఉండే మాట, "మమ్నూ", అంటే నిషేధం. ఇంజనీరు గారిని చూపించి గట్టిగా "మమ్నూ! మమ్నూ!" అన్నాను.

అతని మొహం విప్పారింది. "మెమ్నున్ ఓల్డుమ్!" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు, ఆయన చెయ్యి కూడా ఊపాడు, లోపలికి దారి చూపించాడు. వాళ్ళ భాషలో మెమ్నున్ అంటే సంతోషం అని, మిమ్మల్ని కలవడం సంతోషం అనడానికి అలా అంటారని తర్వాత తెలిసింది. నేను వద్దు వద్దు అంటున్నకొద్దీ అతను సంతోషం సంతోషం అంటున్నాడు. కాపలావాళ్ళు తాడు తీసి పక్కకు జరిగారు.

లోపలికి ఒక్క అడుగు. అంతే దూరం. ఇంజనీరు గారు ఆ గుమ్మంలో నిలబడిపోయారు. మిషన్ల వెలుగు ఆయన కళ్ళద్దాల మీద ఎర్రగా పచ్చగా మెరుస్తోంది. పట్టుకుని లాగుదామా అనుకున్నాను. అంతలో ఆయన కిందికి చూసి, బూటు చివరతో గుమ్మం మీద అడ్డంగా ఒక గీత గీశారు. ఇంగ్లీషు మర్చిపోయారు.

"అయ్యా బాబూ, ఇది నా హద్దు! హద్దు! దీన్ని దాటితే నేను మనిషిని కాను!"

మేనేజరు నవ్వు ఆపాడు. "హద్?" అన్నాడు. గీతను చూశాడు, ఆయన మొహం చూశాడు. "హద్" అని మెల్లగా మళ్ళీ అన్నాడు, ఈసారి అడగలేదు. చెయ్యెత్తగానే కాపలావాళ్ళు తాడు మళ్ళీ కట్టేశారు.

ఆ మాట మాకు ఎంత సొంతమో! హద్దురాయి అంటాం, హద్దు మీరాడు అంటాం, హద్దూ అదుపూ లేదంటాం. అది అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనింటికి వచ్చిన మాట. అదే అరబీ నుంచి వాళ్ళ టర్కీకీ పోయింది. నేను ఏరి ఏరి తెచ్చిన అరబీ మాట తలకిందులైతే, ఆయన కడుపులోంచి వచ్చిన తెలుగు మాట సూటిగా చేరింది. ఆ రోజు నుంచి నేను పదకోశాలు మరింత ఇష్టంగా చదువుతున్నాను.

మేనేజరు లోపలి నుంచి బాగా ఇంగ్లీషు వచ్చిన ఇంకో అమ్మాయిని పిలిపించాడు. విషయం విన్నాక, "ఇక్కడికి ఇలా అడగడానికి వచ్చేవాళ్ళున్నారు. కానీ అందరూ పోగొట్టుకున్నాక వస్తారు. మీరు ముందే వచ్చారు" అని చెప్పించాడు. ఎంతకాలం నిషేధించాలని అడిగాడు. "ఎప్పటికీ" అన్నారు ఇంజనీరు గారు. మేనేజరు ఆ మెరిసే కార్డు వెనక్కి తీసుకుని కత్తెరతో రెండు ముక్కలు చేశాడు.

సరిగ్గా అప్పుడే లిఫ్టు తెరుచుకుంది. ముదీర్.

క్యాసినో గుమ్మం, బల్ల మీద పాస్‌పోర్టు, మేమిద్దరం. చూసినవాడు ఏమనుకోవాలో అదే అనుకున్నాడు. "యా ముహందిస్, ఇక్కడేం చేస్తున్నావ్?" ముహందిస్ అంటే ఇంజనీరు. ముదీర్ గొంతులో నవ్వు లేదు. దారి తప్పామనో, తినే చోటు అనుకున్నామనో చెప్పమని నేను కళ్ళతో సైగ చేశాను. ఇంజనీరు గారు నా వైపు చూడనేలేదు.

"నాకు జూదం వ్యసనం ఉంది సార్. మీ దేశంలో ఉన్నంతకాలం ఆడలేదు. ఇక్కడ ఆడతానేమోనని ఈ తలుపు వేయించుకుంటున్నాను."

ముదీర్ బల్ల మీది కార్డు ముక్కల వైపు చూశాడు. ఇఖామా, జీతం, చివరి బోనస్, అన్నీ పోయినట్టే అనుకున్నాను. ముదీర్ బల్ల దగ్గరికి వెళ్ళి మేనేజర్ని అడిగాడు. "ఇతని పేరు రాశావా?"

"రాశాం."

ముదీర్ తన అంగీ జేబులోంచి పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే నాదీ రాయి. నేను ఎప్పుడూ ఆడలేదు, ఆడను. కానీ మా ముహందిస్‌ను ఒక్కణ్నే గుమ్మం బయట నిలబెట్టడం మర్యాద కాదు." తర్వాత నా వైపు తిరిగి, "లైబ్రరీ, నీదేది?" అన్నాడు. నేను పరుగున గదికి వెళ్ళి తెచ్చాను.

"ఒక్క పూటలో ముగ్గురు ఖాతాదారులు పోయారు" అని మేనేజరు తల పట్టుకున్నాడు. అందరం నవ్వాం, ఇంజనీరు గారు తప్ప. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

తలుపు మూసుకున్నంత మాత్రాన అంతా తేలికైందని నేను చెప్పను. మర్నాడు లిఫ్టులో ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఆ చప్పుడుకి ఇంకా నోట్లో నీళ్ళూరుతున్నాయండీ. రానివ్వరని తెలుసు, అయినా ఊరుతున్నాయి." ఆ పైన ఉన్నన్నాళ్ళూ మెట్లమీదుగానే దిగారు, అవీ అటువైపే వచ్చేవి కానీ కాస్త దూరంగా. కాపలావాళ్ళు ఆయన్ను చూడగానే వేలు ఊపేవాళ్ళు. ఆయన నమస్కారం పెట్టేవారు. పగలంతా మంచులో పడుతూ లేస్తూ గడిపారు. నిలబడటం ఆయనకు రానేలేదు. కొండకు గోడ కట్టిన మనిషి చదునైన చోట కూడా జారిపడ్డారని ఫోర్‌మన్ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఖమీస్‌కు తిరిగొచ్చాక ఆయన ఊరికి ఫోన్లు మొదలుపెట్టారు. అన్నకు, బావమరిదికి, పాత క్లబ్బు స్నేహితులకు, ఒక్కొక్కరికీ. అక్కడికి చేరకముందే ప్రతి గుమ్మం దగ్గరా ఒకణ్ని నిలబెడుతున్నారని నాకర్థమైంది. ఇంతవరకూ నేను చదివిన ధైర్యవంతులందరూ దేన్నో దాటినవాళ్ళు. దాటకుండా ఉండటానికి ఇంత పని చేసిన మనిషి గురించి ఏ సంపుటంలోనూ చదవలేదు.

ఎగ్జిట్ మీద వెళ్ళేటప్పుడు నన్నొక్కటి కోరారు. "ఫోన్ చేసినప్పుడు బాగున్నారా అని అడక్కండి. ఆడారా అని అడగండి. బాగున్నానని అబద్ధం చెప్పడం తేలిక."

మొన్న చేశాను.

"ఆడారా సార్?"

"లేదండీ. మా బావమరిది గృహప్రవేశం. మేడ మీద ముక్కలేసుకుంటున్నారు. మెట్ల కిందనుంచే అరిచి చెప్పాను, బావా, నేను పైకొస్తే తోసెయ్ అని. పాపం, వాడు ఆట ఆపేసి భోజనానికి లేచాడు. మిగతావాళ్ళు నన్ను తిట్టుకున్నారు."

వెనకనుంచి ఆవిడ గొంతు. "అన్నయ్య గారూ, సగమే చెప్పాడు. మెట్లెక్కాక అరిచాడు, ఎక్కకముందు కాదు. అడగండి!"

"ఎక్కారా సార్?"

"కొంచెం ఎక్కానండీ."

"కొంచెమా? ముక్కలు కనపడేదాకా!" అంది ఆవిడ.

"దిగినారు కదా సార్?"

"దిగాను."

"దిగాడు, దిగాడు" అంది ఆవిడ కూడా. "దిగి, ఎవరూ తినకముందే పంక్తిలో కూర్చున్నాడు."